ఎండలో, సందె వెలుగులో బ్యాటరీ ఫ్లాష్‌తో ఫోటోలు ఎలా తీయాలి

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, ఇదే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. "అన్నా, నెక్లెస్ రోడ్డు దగ్గర సన్‌సెట్‌లో జంటను తీస్తుంటే ముఖాలు నల్లగా వస్తున్నాయి. ముఖాలు సరిచేస్తే ఆకాశం తెల్లగా కొట్టుకుపోతోంది. ఏ లైటు కొనాలి? 200దా, 600దా?"

ఏది కొనాలో చెబుతాను గానీ, ముందు ఒక మాట. ఔట్‌డోర్‌లో పని చెడేది ఎక్కువసార్లు పవర్ చాలక కాదు, లైటు దూరంగా ఉండి. రెండు మీటర్ల దూరంలో ఉన్న ఫ్లాష్‌ను మీటరు దగ్గరికి తెస్తే మనిషి మీద పడే వెలుగు నాలుగు రెట్లవుతుంది, పైసా ఖర్చు లేకుండా. కింద చెప్పేవాటిలో సగం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

ఏమేం కావాలి

- బ్యాటరీతో నడిచే ఫ్లాష్ ఒకటి. మొదటిసారైతే 200 వాట్-సెకండ్ల (ఫ్లాష్ బలానికి కొలత) రకం చాలు. గోడాక్స్ ఏడీ200 ప్రో లాంటిది కిలో లోపే ఉంటుంది. ఒక ఛార్జికి ఫుల్ పవర్‌లో 500 సార్ల వరకు కొడుతుందని కంపెనీ లెక్క. 600 వాట్-సెకండ్ల ఏడీ600 ప్రో మూడు కిలోల బరువు, ఫుల్ పవర్‌లో 360 సార్ల వరకు. మిట్టమధ్యాహ్నం ఎండలో పెద్ద గ్రూపులు, నిలువెత్తు ఫోటోలు తరచూ తీసేవాళ్లకే రెండోది అవసరం.
- మీ కెమెరా కంపెనీకి సరిపోయే ట్రిగ్గర్, అంటే కెమెరా మీద పెట్టి, దూరంగా ఉన్న ఫ్లాష్‌ను కొట్టించేది. సోనీకి చేసింది కెనాన్ మీద సరిగ్గా పనిచేయదు. షాపులో మీ కెమెరాకే పెట్టి చూసి తీసుకోండి.
- 80 నుంచి 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్, అంటే వెలుగు మెత్తబడటానికి ఫ్లాష్ ముందు బిగించే గుడ్డ పెట్టె. గాలి లేని చోటైతే తెల్ల గొడుగు కూడా నడుస్తుంది.
- గట్టి స్టాండ్, దాని కాలికి వేయడానికి ఇసుక సంచి. సంచి కొనకపోయినా ఫరవాలేదు, రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు ఒక గుడ్డ సంచిలో వేసి కట్టండి.
- సగం గాఢత ఉన్న నారింజ జెల్, అంటే ఫ్లాష్ ముందు పెట్టే పల్చటి రంగు రేకు. షాపుల్లో హాఫ్ సీటీఓ అని అడగండి.
- మూడు స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు పెట్టే నల్లద్దం. ఒక్కో స్టాప్‌కి వెలుగు సగమవుతుంది. మధ్యాహ్నం షూట్లు లేకపోతే దీన్ని వదిలేయొచ్చు.
- ట్రిగ్గర్‌కు అదనపు సెల్స్. అందరూ ఫ్లాష్ బ్యాటరీ గురించే టెన్షన్ పడతారు. షూట్ మధ్యలో ఆగిపోయేది మాత్రం ట్రిగ్గరే.
- లైట్ పట్టుకోవడానికి ఒక మనిషి. ఇది ఐచ్ఛికం కాదు.

కొనేముందు ఒక రోజు అద్దెకు తెచ్చి చూడండి. కృష్ణానగర్, యూసఫ్‌గూడ వైపు సినిమా సామాను అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. కొనాలంటే కోఠి, అబిడ్స్ వైపు కెమెరా షాపులున్నాయి. అద్దెకు తెచ్చినా సరే, షాపులోనే ఫ్లాష్ ఆన్ చేసి, ఫుల్ పవర్‌లో వరసగా పదిసార్లు కొట్టించండి. కొట్టిన ప్రతిసారీ మళ్లీ రెడీ అవడానికి రెండు సెకన్లకు మించి పడుతుంటే ఆ బ్యాటరీ ముసలిదైపోయింది, ఇంకోటి అడగండి.

ఇప్పటికే కెమెరా మీద పెట్టే చిన్న ఫ్లాష్ ఉంటే అదీ పనికొస్తుంది. నీడలో, సాయంత్రం అయిదు తర్వాత దానితో హాయిగా పని చేయొచ్చు. మధ్యాహ్నం ఎండతో మాత్రం పోటీ పడలేదు.

చేసే పద్ధతి

1. ముందు అనుమతి. గోల్కొండ, చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ కిందికి వస్తాయి. కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర వారసత్వ శాఖవి. చౌమహల్లా ప్యాలెస్‌ను ఒక ట్రస్టు నడుపుతుంది. చేతిలో కెమెరా ఉంటే ఎవరూ ఏమీ అనకపోవచ్చు. స్టాండ్ విప్పగానే "సార్, పర్మిషన్ లెటర్ ఉందా?" అని వచ్చేస్తారు. వాళ్ల తప్పు లేదు. జంట మేకప్ వేసుకుని వచ్చాక గేటు దగ్గర బేరమాడటం కన్నా ముందురోజే వెళ్లి అడగడం మేలు. పార్కులు, చెరువు కట్టలైనా సరే, అడిగే వెళ్లండి.

2. మనిషిని సూర్యుడికి వీపు పెట్టి నిలబెట్టండి. కళ్లు చిట్లించరు, జుట్టు అంచున వెలుగు గీత వస్తుంది, ముఖం మొత్తం మీ ఫ్లాష్ చేతిలోకి వస్తుంది. ఎండ ముఖానికి ఎదురుగా ఉంటే సూర్యుడితో కుస్తీ పట్టాల్సి వస్తుంది, అందులో గెలిచేది మనం కాదు.

3. కెమెరాను సిద్ధం చేయండి. మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, షట్టర్ 1/200 సెకను, వైట్ బ్యాలెన్స్ (రంగుల సెట్టింగ్) 5500 కెల్విన్. ఆటో ఐఎస్ఓ కచ్చితంగా ఆఫ్. లేకపోతే ప్రతి ఫోటోకీ వెలుగు మారిపోతూ ఉంటుంది, మీరు ఫ్లాష్‌ను తిట్టుకుంటూ ఉంటారు. మిర్రర్‌లెస్ వాడేవాళ్లు ఇంకో రెండు చూడాలి. సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉంటే చాలా కెమెరాల్లో ఫ్లాష్ అసలు కొట్టదు, మెకానికల్ షట్టర్‌కు మార్చండి. రెండోది, సెట్టింగులను బట్టి స్క్రీన్ చీకటిగా చూపించే ఆప్షన్ ఉంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, కెనాన్‌లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్, సోనీలో సెట్టింగ్ ఎఫెక్ట్. సాయంత్రం ఫ్లాష్‌తో తీసేటప్పుడు అది ఆఫ్‌లో ఉంటేనే ముఖం కనిపించి ఫోకస్ కుదురుతుంది. తర్వాతి మెట్టు చేసేటప్పుడు మాత్రం ఆన్‌లో ఉంచుకోవచ్చు.

4. ట్రిగ్గర్ ఆపేసి, వెనకాల ఉన్నదాన్ని మాత్రమే తీయండి. అసలు పని ఇక్కడే ఉంది, చాలామంది దాటేసేదీ ఇదే. జంటను మర్చిపోండి. ఆకాశం మీకు ఎలా కావాలో అలా వచ్చేదాకా అపర్చర్ (లెన్స్ రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) మార్చుతూ వెళ్లండి. సూర్యుడు దిగే అరగంట ముందు హుస్సేన్ సాగర్ మీద ఆకాశానికి, ఐఎస్ఓ 100, షట్టర్ 1/200 దగ్గర, ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 8 మధ్య ఎక్కడో కుదురుతుంది. మబ్బును బట్టి అటూఇటూ అవుతుంది. మబ్బుల్లో రంగు, నీటి మీద మెరుపు కనిపించాలి. జంట నీడబొమ్మల్లా నల్లగా ఉంటారు. అలాగే ఉండాలి.

ఇక్కడ భయపడి అపర్చర్ తెరిచేస్తే ఆకాశం పోతుంది. ఆ తర్వాత ఏ లైటు పెట్టినా తిరిగి రాదు.

5. లైటు పెట్టండి, దగ్గరగా. ఫ్రేమ్‌లో కనిపించనంత దగ్గరకు. నడుము వరకు తీసే ఫోటోకైతే ముఖం నుంచి మీటరు, మహా అయితే మీటరున్నర. కెమెరాకు ఒక పక్కగా, సుమారు 45 డిగ్రీల్లో, సాఫ్ట్‌బాక్స్ మధ్యభాగం మనిషి తల కన్నా ఒక అడుగు పైన ఉండి కిందికి వంగి చూడాలి. ఇద్దరున్నప్పుడు దగ్గరున్నవాళ్లు ఎక్కువ వెలుగుతారు. దూరంగా ఉన్నవాళ్ల వైపు లైటును తిప్పండి, సాఫ్ట్‌బాక్స్ అంచు వెలుగు మాత్రమే దగ్గరవాళ్ల మీద పడుతుంది. ఇద్దరూ సమానంగా వస్తారు.

దగ్గర పెడితే ఇంకో లాభం. మనిషికి లైటు ఎంత పెద్దగా కనిపిస్తే నీడలు అంత మెత్తబడతాయి. 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్‌ను నాలుగు మీటర్ల దూరంలో పెట్టి "సాఫ్ట్‌గా రావట్లేదు" అనేవాళ్లు, ఇంకా పెద్దది కొనేముందు మూడడుగులు ముందుకు జరిపి చూడాలి.

ట్యాంక్ బండ్, దుర్గం చెరువు, గండిపేట, ఎక్కడ నీళ్లుంటే అక్కడ గాలి. సాఫ్ట్‌బాక్స్ తెరచాపలా గాలిని పట్టేస్తుంది, గొడుగైతే మరీ. స్టాండ్ పెద్దకాలు లైటు ఉన్న వైపుకు ఉండాలి, ఇసుక సంచి నేలను తాకీ తాకకుండా వేలాడాలి. ఇంత చేసినా పక్కన మనిషి ఉండాల్సిందే. ఆ మనిషి చేయి స్టాండ్ మీద ఉండాలి, ఫోన్ మీద కాదు.

6. ఫ్లాష్ ఆన్ చేసి 1/8 పవర్‌తో మొదలుపెట్టండి. మాన్యువల్‌లోనే. ఆటో, అంటే కెమెరాయే ఫ్లాష్ బలాన్ని లెక్కగట్టే టీటీఎల్ మోడ్‌లో, తెల్ల షేర్వాణీ పక్కన నల్ల సూటు వచ్చినప్పుడల్లా లెక్క మారిపోతుంది. ఒక ఫోటో తీసి ముఖం చూడండి. చీకటిగా ఉంటే 1/4, ఎక్కువైతే 1/16. రెండు మూడు ఫోటోల్లో దారికొస్తుంది. ఫుల్ పవర్ దాకా పోవాల్సి వస్తే ఆగి, ముందు లైటు దూరం చూడండి. 1/8లో కొట్టే ఫ్లాష్ వెంటనే మళ్లీ రెడీ అవుతుంది, ఒక్క బ్యాటరీతో సాయంత్రమంతా గడిచిపోతుంది. ఫుల్ పవర్‌లో కొట్టిస్తూ ఉంటే వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. సరిగ్గా పెళ్లికూతురు నవ్వినప్పుడే.

7. ఇక్కడినుంచి రెండు మీటలే. ఆకాశం ఇంకా ముదురుగా కావాలంటే అపర్చర్‌ను ఒక స్టాప్ మూసి, ఫ్లాష్‌ను ఒక స్టాప్ పెంచండి. పొద్దు దిగేకొద్దీ ఆకాశం చీకటైపోతుంటే షట్టర్‌ను 1/200 నుంచి 1/125, 1/60కి తగ్గిస్తూ పోండి. ముఖం మీద ఫ్లాష్ వెలుగు మారదు, వెనకాల మాత్రమే వెలుగుతుంది. ఇది ఒక్కసారి చేతికి అలవాటైతే ప్రతి పది నిమిషాలకూ మొదటినుంచి లెక్కలేసుకునే పని ఉండదు.

మధ్యాహ్నమే తీయాల్సి వస్తే

ముహూర్తం పదకొండింటికి, ఫోటోలు పన్నెండున్నరకి. మనం ఎంచుకున్నది కాదు, తప్పదు. హైదరాబాద్‌లో మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. నిలువు స్తంభానికి నీడ కూడా పడదు. అలాంటి వేళ కళ్లకింద రెండు నల్ల గుంటలు ఖాయం.

చెట్టు నీడ, వరండా, పాత భవనం కమాను దొరికితే అక్కడికి పోండి. ఫ్లాష్ సగం పని తగ్గిపోతుంది. ఏదీ దొరకని చోట లెక్క ఇది. నిండు ఎండకు ఐఎస్ఓ 100, షట్టర్ 1/200 దగ్గర ఎఫ్ 11 కావాలి. అంటే ఫ్లాష్ కూడా ముఖం దగ్గర ఎఫ్ 11 ఇవ్వాలి. 200 వాట్-సెకండ్ల ఫ్లాష్ సాఫ్ట్‌బాక్స్‌లో పెట్టి మీటరు దూరం నుంచి ఫుల్ పవర్‌లో కొడితే ఆ చుట్టుపక్కలకి వస్తుంది, సాఫ్ట్‌బాక్స్ గుడ్డను బట్టి కాస్త అటూఇటూ. రెండు మీటర్లకు జరిపితే ఎఫ్ 5.6 మాత్రమే. అప్పుడు ఎండే గెలుస్తుంది. నిలువెత్తు ఫోటో కావాలంటే సాఫ్ట్‌బాక్స్ లోపలి గుడ్డ తీసేయండి, లేదా సాఫ్ట్‌బాక్స్ తీసేసి మామూలు రిఫ్లెక్టర్ (ఫ్లాష్ తలకు బిగించే లోహపు గిన్నె) పెట్టండి. నీడ కాస్త గట్టిగా వస్తుంది. ఎండలో గట్టి నీడ ఎవరికీ వింతగా అనిపించదు.

వెనకాల బ్లర్ కావాలి, ఎఫ్ 4లో తీయాలి అంటే రెండు దారులు. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ సింక్, వేగమైన షట్టర్‌తో కూడా ఫ్లాష్ పనిచేసే మోడ్) ఆన్ చేసి షట్టర్‌ను 1/2000 దాకా పెంచడం ఒకటి. సులువే గానీ ఫ్లాష్ బలం రెండు స్టాప్‌లో, ఇంకా ఎక్కువో పడిపోతుంది, త్వరగా వేడెక్కుతుంది. రెండోది ఎన్‌డీ ఫిల్టర్. మూడు స్టాప్‌ల ఫిల్టర్ పెడితే ఎఫ్ 11 కాస్తా ఎఫ్ 4 అవుతుంది, షట్టర్ 1/200లోనే ఉంటుంది, ఫ్లాష్ బలం వృథా కాదు. చవక ఫిల్టర్లు ఫోటోకి రంగు అంటిస్తాయి, కాబట్టి దీనిమీద కాస్త ఎక్కువే పెట్టండి. చిన్న ఫ్లాష్ ఉన్నవాళ్లకు నేను ఎన్‌డీనే చెబుతాను.

పొద్దు దిగాక

డిసెంబర్‌లో హైదరాబాద్‌లో సూర్యుడు ఆరులోపే దిగిపోతాడు, మే చివర్లో ఏడింటికి కాస్త ముందు. దిగిన తర్వాత ఓ ఇరవై నిమిషాలు ఆకాశం నీలంగా ఉంటుంది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి లైట్లు వెలిగి, ఆకాశంలో ఇంకా రంగున్న ఆ కొద్దిసేపే మీ సమయం. లైటు ముందే బిగించి, జంటను ముందే నిలబెట్టి ఉంచండి.

ఐఎస్ఓ 400 నుంచి 800, షట్టర్ 1/60, ఎఫ్ 2.8 దగ్గర మొదలుపెట్టండి. ఫ్లాష్ 1/64, 1/128కి దిగిపోతుంది. అంత తగ్గించినా ఎక్కువైతే అప్పుడు మాత్రం లైటును వెనక్కి జరపండి. జెల్ వేసి, వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ దగ్గర పెడితే ముఖాలు మామూలుగా, ఆకాశం ఇంకా నీలంగా వస్తాయి. పాతబస్తీలో పసుపు బల్బుల దుకాణాల ముందు తీసేటప్పుడు కూడా ఇదే జెల్. లేకపోతే వెనకాలంతా బంగారు రంగు, మనిషి మాత్రం అతికించినట్టు తెల్లగా ఉంటాడు.

పట్టుచీర, నగలు, కళ్లజోడు

దీనికి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఫోటోల్లో ఇవి లేనిదే ఉండవు. జరీ అంచు, వడ్డాణం, కాసులపేరు, ఇవన్నీ లైటును ఉన్నదున్నట్టు కెమెరాలోకి తిప్పి కొడతాయి. చిన్న లైటైతే ప్రతి కాసు మీదా ఒక తెల్లచుక్క. పెద్ద సాఫ్ట్‌బాక్స్ దగ్గరగా ఉంటే అదే కాసు మీద మెత్తటి మెరుపు. జరీ మండుతుంటే పవర్ తగ్గించకండి, ముఖం కూడా చీకటైపోతుంది. లైటును కాస్త పైకెత్తి, ముఖం మీదినుంచి దాటి ముందుకు చూసేలా తిప్పండి. చీర మీద పడే వెలుగు తగ్గి, ముఖం నిలుస్తుంది.

కళ్లజోడులో తెల్ల చదరం కనిపిస్తే లైటును ఇంకా ఎత్తండి, లేదా గడ్డం పిసరంత దించమనండి. కళ్లజోడు తీసేయమనడం ఆఖరి మార్గం. చాలామంది అది లేకపోతే తమలా అనిపించరు. చెమటకు టిష్యూ కాగితం అద్దండి, తుడవకండి. తుడిస్తే మేకప్ ఊడుతుంది, ఆపై మేకప్ ఆవిడతో గొడవ.

తరచుగా వచ్చే ఇబ్బందులు

*ఫోటో కింద నల్ల పట్టీ:* షట్టర్ మీ కెమెరా సింక్ స్పీడ్ (మామూలుగా ఫ్లాష్‌తో వాడగల గరిష్ఠ షట్టర్ వేగం) దాటింది. ఎక్కువ కెమెరాలకు అది 1/200 లేదా 1/250. తగ్గించండి, లేదా హెచ్‌ఎస్‌ఎస్ ఆన్ చేయండి.

*మీరు నొక్కకుండానే ఫ్లాష్ కొడుతోంది:* ఆదివారం సాయంత్రం పేరున్న లొకేషన్‌లో నాలుగు టీములుంటే నలుగురి దగ్గరా ఒకే కంపెనీ ట్రిగ్గర్ ఉంటుంది, అందరివీ ఛానల్ 1లో. ఛానల్ మార్చండి, ఐడీ నంబరు ఉంటే అదీ మార్చండి. ట్రిగ్గర్‌లో, ఫ్లాష్‌లో రెండింటిలో ఒకటే ఉండాలి.

*కొన్నిసార్లు కొడుతోంది, కొన్నిసార్లు లేదు:* ట్రిగ్గర్‌లో సెల్స్ చూడండి. తర్వాత, హాట్‌షూలో (కెమెరా పైన ట్రిగ్గర్ దూర్చే చోటు) చివరిదాకా దూరిందా చూడండి. ఫ్లాష్ మరీ దగ్గరున్నప్పుడు కూడా కొన్ని తడబడతాయి. గోడాక్స్ ట్రిగ్గర్లలో 0-30 మీటర్ల సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టండి.

*మొదటి ఫోటో బాగుంది, వెంటవెంటనే తీస్తే తర్వాతివి చీకటి:* ఫ్లాష్ రెడీ అయ్యేలోపు నొక్కుతున్నారు. బీప్ శబ్దం ఆన్ చేసుకోండి. ఆ బీప్ విన్నాకే షట్టర్.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

ఎండలో కెమెరా స్క్రీన్‌ను నమ్మకండి. నల్ల గుడ్డ తల మీద వేసుకునైనా, వ్యూఫైండర్‌లోనైనా చూడండి. హైలైట్ వార్నింగ్ ఆన్ చేస్తే ఎక్కువైన చోట మినుకుమినుకుమంటుంది. నగ మీద, సూర్యుడి చుట్టూ మినుకుమంటే ఫరవాలేదు. నుదుటి మీద, ముక్కు మీద అయితే ఫ్లాష్ మూడోవంతు స్టాప్ తగ్గించండి.

తర్వాత ఫోటోను పెద్దది చేసి కళ్లు చూడండి. కనుపాపలో సాఫ్ట్‌బాక్స్ మెరుపు పైభాగంలో, గడియారంలో పది లేదా రెండు ఉండే చోట కనిపించాలి. అసలు లేకపోతే లైటు మరీ ఎత్తులో ఉంది. సరిగ్గా మధ్యలో ఉంటే మరీ కిందుంది.

ఇంకొకటి. లొకేషన్ మారిన ప్రతిసారీ ట్రిగ్గర్ ఆపి ఒక ఫోటో, ఆన్ చేసి ఒక ఫోటో తీసి పక్కపక్కన చూడండి. రెండింటికీ తేడా ముఖంలోనే ఉండాలి, ఆకాశం రెండింట్లోనూ ఒకేలా ఉండాలి. అంతా ఒకేలా ఉంటే ఫ్లాష్ కొట్టనట్టే.

బ్యాటరీ సంగతి

ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలిపిన కారు డిక్కీలో లిథియం బ్యాటరీ వదిలేయకండి. బ్యాగు మీతోనే ఉండాలి, నీడలో. షూట్ నుంచి రాగానే వేడివేడి బ్యాటరీని ఛార్జర్‌కు పెట్టకండి, గంటసేపు చల్లారనివ్వండి. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జితో దాచండి, మూడు నెలలకోసారి తీసి చూడండి. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్క షూట్‌కి కూడా వాడొద్దు.

డెస్టినేషన్ పెళ్లికి శంషాబాద్ నుంచి విమానంలో వెళ్తుంటే బ్యాటరీలు చేతి సంచిలోనే, చెక్-ఇన్ లగేజీలో కాదు. ఒక్కోటి 100 వాట్-అవర్ల లోపు ఉండాలి, దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. ఏడీ200 ప్రోది 42 దగ్గర, ఏడీ600 ప్రోది 75 దగ్గర, కాబట్టి రెండూ సరిపోతాయి. బ్యాటరీ మీద రాసున్న అంకె చెరిగిపోయి ఉంటే సెక్యూరిటీ దగ్గర ఆపేయొచ్చు. బయల్దేరేముందు ఆ స్టిక్కర్ చూసుకోండి, కొనల మీద టేపు అంటించి ఒక్కోదాన్ని ఒక్కో కవర్లో పెట్టండి.